నేను ఎక్కని నావకు పొయ్యి

ఈమధ్య ఒక పెళ్ళిలో మా వాళ్ళలో పెద్దాయన ఒకాయన పదిమందిని చుట్టూ కూర్చోబెట్టుకుని పాత సంగతులు చెబుతున్నాడు. మా పల్లెలో మొట్టమొదట పొయ్యి ఎక్కిన నావ మాదేనట. సముద్రం మీద వేడన్నం వండుకు తిన్న మొదటి మగాళ్ళు మా ఇంటివాళ్ళేనట. అదంతా మా మావ తెలివట. నేను రెండు కుర్చీల అవతల కూర్చుని విన్నాను. మా మావకు తెలివి లేదని నేననను. గాలి వాసన చూసి వాన ఏ వేళకు వస్తుందో చెప్పేవాడు. కానీ పొయ్యి విషయంలో ఆయన చేసిందల్లా అడ్డం పడడమే. పెళ్ళివారింట్లో రభస ఎందుకని నోరు మూసుకుని వచ్చేశాను. ఇంటికొచ్చాక అన్నం సయించలేదు. అందుకని రాస్తున్నాను.

అరవైల చివరి సంగతి. మా పల్లె శ్రీకాకుళం తీరంలో ఉంది గానీ నేను పుట్టి పెరిగింది విజయనగరంలో. మా నాన్న సముద్రం వదిలేసి టౌనుకు పోయి గోనె సంచుల మిల్లులో చేరాడు. తన అక్క కొడుక్కే నన్నిచ్చాడు. అంటే మా అత్త నాకు సొంత మేనత్త, మావను నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఎరుగుదును, మా ఆయన చిన్నప్పటినుంచీ నాకు బావే. కాబట్టి కొత్త కోడలి బెదురు నాకు లేదు. ఎనిమిదో తరగతి దాకా చదివానన్న పొగరు కూడా ఉందని అత్త అంటుండేది. ఉండేది, దాచుకోవడం ఎందుకు.

మావది తెరచాప నావ. మావ చుక్కాని పట్టేవాడు, బావ వల చూసుకునేవాడు, ఇంకో ఇద్దరు కలాసీలు. సొరచేపల కాలంలో లోపలికి పోతే రెండు రోజులు, ఒక్కోసారి మూడు రోజులు తిరిగి వచ్చేవాళ్ళు కాదు. తిండికి ఒక కుండ నిండా చద్దన్నం, ఇంకో కుండలో పులిసిన గంజి తరవాణి, నాలుగు ఉల్లిపాయలు, కాల్చిన ఎండుచేప. మొదటిరోజు బాగానే ఉంటుంది. రెండోరోజుకు ఆ అన్నం బుడగలు కక్కుతుంది. మూడోరోజుకు కుండ మూత తీస్తే కళ్ళు మండుతాయి. అయినా అదే తినాలి, తాతముత్తాతలు అదే తిన్నారు. తాతముత్తాతలు ఎంతమంది కడుపు పట్టుకుని చచ్చిపోయారో ఎవరూ చెప్పలేదు.

మా పెళ్ళయిన రెండో ఏడు బావకు కడుపునొప్పి మొదలైంది. బావ మాటల మనిషి కాదు. నొప్పి వస్తే వల కుప్ప మీద బోర్లా పడుకునేవాడు, అంతే. ఏదో వాతమని వాము నూరి పోశాం, వేడి చేసిందని మజ్జిగ పోశాం. ఒకసారి వేట నుంచి వచ్చి ఇసకలో దిగుతూనే నల్లగా కక్కుకున్నాడు. నేను ఆ రోజే బస్సెక్కించి విజయనగరం తీసుకుపోయాను. అక్కడి డాక్టరు పొట్ట నొక్కి చూసి, లోపల పుండు పడిందని, పులిసినది ఏదీ ముట్టకూడదని, మెత్తగా ఉడికిన వేడన్నం వేళకు తినాలని చెప్పాడు. మేం చెప్పినదంతా విని, సముద్రం మీద అది కుదరకపోతే సముద్రమే మానుకొమ్మన్నాడు. ఇంకోసారి నెత్తురు కక్కితే తన దగ్గరికి తేవడానికి మనిషి మిగలడని కూడా అన్నాడు.

మా నాన్న అప్పటికప్పుడే మిల్లులో చెబుతానన్నాడు. బావ తలూపాడు. నాన్న మంచికే చెప్పాడు గానీ, నేను ఆ మిల్లు మనిషి ఇంట్లో పెరిగినదాన్ని. గోనె పీచు ఆయన గొంతులోకి పోయి తెల్లారగానే దగ్గు మొదలయ్యేది. సెలవురోజున ఇంట్లో ఉండలేక, ఊళ్ళో తిరగలేక, గుమ్మంలో కూర్చుని గాలి ఎటు తిరిగిందో చూస్తుండేవాడు. ఆ ఊళ్ళో గాలి ఎటు తిరిగితే ఎవరికేం పని. మిల్లుకు పోతే బావ కడుపు బాగుపడుతుంది, నిజమే. కానీ మా నాన్న గుమ్మంలో ఇంకో మనిషి కూర్చుంటాడు. అది నేను జరగనివ్వదలచుకోలేదు.

తిరుగు బస్సులో బావతో అన్నాను, సముద్రం ఎందుకు మానడం, నావలోకి పొయ్యి ఎక్కిద్దాం అని. బావ నవ్వబోయి కడుపు పట్టుకున్నాడు. నేను నవ్వలేదని చూసి, తర్వాత తను కూడా నవ్వడం ఆపేశాడు.

మావకు ఈ మాట చెప్పింది కూడా నేనే. ఇసకలో కూర్చుని వల బాగుచేసుకుంటున్నాడు. తలెత్తకుండానే జవాబు చెప్పాడు.

"నావ కర్ర. కర్రలో నిప్పెట్టమంటావేటే? గంగమ్మ తల్లి ఒల్లో నిప్పులెట్టుకుని ఏటకెల్లినోడు ఎవుడైనా ఉన్నాడా?"

ఎవడూ లేడు, అందుకే మొదలుపెడదాం అన్నాను. ఆయన చేతిలో ఉన్నది అప్పుడప్పుడే వస్తున్న నైలాను వల. నైలాను వల మీ తాతలు వేశారా అని కూడా అడిగాను. ఆ మాట అనకుండా ఉండాల్సింది. ఆ తర్వాత నెల రోజులు మావ నాతో నేరుగా మాట్లాడలేదు. మంచినీళ్ళు కావాలంటే నేను ఎదురుగా ఉన్నా అత్తకే చెప్పేవాడు.

అసలు చిక్కు వేరే ఉంది. మా పల్లెలో ఆడది నావ ఎక్కకూడదు. ఎక్కడం కాదు, చెయ్యి కూడా తాకించకూడదు. తాకితే మైల. పసుపునీళ్ళతో కడిగి, గంగమ్మకు కోడిని కోసి, ఒక రోజు నావను ఒడ్డున ఉంచెయ్యాలి. నేను పొయ్యి ఎంచాల్సిన వంటిల్లు నేను చూడనే లేదు, చూడబోను కూడా. అందుకని బావ నావలోకి ఎక్కి జానలతో కొలిచి, ఇసకలో ముల్లుకర్రతో నావ బొమ్మ గీశాడు. ముందు కొస అణియం ఇటు, వెనక కొస అమరం అటు, నడుమ తెరచాప కొయ్య. నేను ఆ గీతల్లో కూర్చున్నాను. అణియంలో నీళ్ళు ఎగిసి పడతాయి, అక్కడ నిప్పు నిలవదు. నడుమ వలలు, పైన తెరచాప, నిప్పురవ్వ ఎగిరితే కొంపే. మిగిలింది అమరం. అక్కడ ఐదు జానల పొడుగు, మూడు జానల వెడల్పు చోటు ఉంది. ఇక్కడ ఏముంటుందని అడిగాను. బావ మెల్లగా చెప్పాడు, అయ్య కాళ్ళు చాపుకుంటాడని.

గంగమ్మ కోపం సంగతి నాకు తెలియదు గానీ, మావ కోపం ఎందుకో అప్పుడు సగం అర్థమైంది. నలభై ఏళ్ళుగా ఆ మనిషి కాళ్ళు చాపుకున్న చోటు అది.

పొయ్యి కోసం విజయనగరం వెళ్ళాను. బజారులో స్టవ్వులు బాగుచేసే అతను ఒకడు ఉండేవాడు. ఏ వంటింటికమ్మా అని అడిగాడు. ఐదు జానలు మూడు జానలు, గోడలు లేవు, నేల ఒకచోట నిలవదు అన్నాను. నా మొహం చూసి, సముద్రమా అన్నాడు. నవ్వాడు గానీ మోసం చెయ్యలేదు. పంపు స్టవ్వు ఉప్పుగాలికి రెండు నెలలు బతకదని, కన్నం మూసుకుపోతే పిన్ను పెట్టి పొడవడం ఊగే నావలో ఎవరి వల్లా కాదని చెప్పాడు. అయినా నేను అమ్మ దగ్గర ఇత్తడి పంపు స్టవ్వు ఒకటి, వత్తుల స్టవ్వు ఒకటి అడిగి తెచ్చుకున్నాను. టీ దుకాణాల్లో వాడే పొట్టు పొయ్యి కూడా ఒకటి సంపాదించాను. నా కళ్ళతో చూడందే ఎవరి మాటా నమ్మే రకం కాదు నేను.

చూడడం ఎలాగ? నావ ఎక్కలేను కదా. మా వలల పాకలో దూలానికి నాలుగు తాళ్ళు కట్టి ఒక పలకను వేలాడదీశాను. పలక మీద పొయ్యి, పొయ్యి మీద బియ్యం వేసిన గిన్నె. ఒక చేత్తో పలకను ఊపుతూ, ఇంకో చేత్తో చేటతో విసురుతూ గాలి పుట్టించాను. పాక ముందు జనం పోగయ్యారు. పెళ్ళయి రెండేళ్ళయినా నాకు అప్పటికి కడుపు పండలేదు. దూలానికి ఉయ్యాల కట్టి అందులో పొయ్యిని ఊపుతుంటే పల్లెలో ఆడవాళ్ళకు అంతకన్నా వేడుక ఏముంటుంది. ఏటే, పొయ్యికి బారసాల ఎప్పుడు అని ఒకామె అడిగింది. పేరు ఇంకా అనుకోలేదు, నీ పేరే పెడదామా అన్నాను. ఆమె నవ్వు ఆపింది. నేను మాత్రం ఊపడం ఆపలేదు.

పంపు స్టవ్వు మొదట బాగానే బుస్సుమంది. మూడో ఊపుకు పలక ఒరిగింది, మంట మూరెడు లేచి పాక చూరు అంటుకుంది. పక్కనే చేపలు కడిగిన నీళ్ళ బాన ఉండబట్టి పాక మిగిలింది. ఆ గలాభాకు మావ వచ్చాడు. మసిబారిన చూరు వైపు చూశాడు, నా వైపు చూశాడు, ఏమీ అనకుండా వెళ్ళిపోయాడు. తిడితే బాగుండేది. వత్తుల స్టవ్వు చేట విసురుకే మూడుసార్లు ఆరింది, ఒరిగినప్పుడల్లా కిరసనాయిలు ఒలికి అన్నమంతా ఆ వాసనే. రేషను కార్డు మీద వచ్చే కిరసనాయిలు ఇంట్లో దీపానికే చాలదు, సముద్రంలోకి ఎక్కడినుంచి తెస్తాం. పొట్టు పొయ్యిలో నడుమ సీసా నిలబెట్టి, రంపపు పొట్టు చుట్టూ కూరి, సీసా లాగేసి వెలిగిస్తే ఎర్రగా, పొగ లేకుండా బ్రహ్మాండంగా కాలింది. మీద అన్నం కుతకుతలాడుతుంటే నాకు ఏడుపొచ్చినంత సంతోషం వేసింది. ఊపగా ఊపగా పొట్టు గోడ కూలి నిప్పు కప్పబడిపోయింది. బియ్యం సగం ఉడికి ఆగిపోయాయి. వాటిని కోళ్ళకు వేశాను.

మూడు పొయ్యిలూ పోయాయి. ఆ రోజులు గుర్తొస్తే ఇప్పటికీ నా మీద నాకే కోపం. ఎందుకంటే జవాబు రోజూ నా కళ్ళముందే ఉంది.

మా అత్త అడ్డపొగ తాగేది. మా వైపు ఆడా మగా చాలామంది అలాగే తాగేవాళ్ళు. చుట్ట వెలిగించి, వెలిగిన కొసనే నోట్లో పెట్టుకుని పెదాలు మూసేస్తారు. బయటివాళ్ళు చూస్తే బెదిరిపోతారు గానీ మాకు అది వింత కాదు. ఒకరోజు ఒడ్డున చేపలు ఎండబెడుతున్నాం. ఈదురుగాలికి ఇసక లేచి మొహానికి కొడుతోంది. నేను ఏదో మంట వెయ్యబోయి అగ్గిపుల్లలు ఆరిపోతుంటే గాలిని తిడుతున్నాను. అత్త పక్కనే వంగి చేపలు తిరగేస్తోంది. నోట్లో చుట్ట, ఆ గాలిలో గంట నుంచీ ఆరలేదు, ఒక్క నిప్పురవ్వ రాలలేదు. నోరు తెరిచి పొగ వదిలినప్పుడు లోపల ఎర్రగా కనిపించింది. నేను చేపలు వదిలేసి ఆమె మొహంలోకే చూస్తూ నిలబడ్డాను. ఏటే అలగ సూస్తన్నావు అంది.

నిప్పును పైన పెట్టి గాలికి చాపుతున్నాం, అదీ నా తప్పు. నిప్పు లోపల ఉండాలి, నోరు మూసుకుని ఉండాలి. గిన్నె నిప్పు మీద కూర్చోకూడదు, మెడ దాకా పొయ్యిలో దిగాలి, అప్పుడు నావ ఎంత ఒరిగినా జారదు. గాలికి ఒక్క చిన్న కన్నం, దానికీ ఒక మూత.

పాత ఇనప బక్కెట్టు ఒకటి తీసుకుని లోపల బెత్తెడు మందాన మట్టి పట్టించాను. మట్టి ఏరు దగ్గర తెచ్చాను. మా పల్లె పక్కనే ఏరు సముద్రంలో కలుస్తుంది, అక్కడ నల్లటి జిగురు మట్టి వెన్నలా చేతికి వస్తుంది. ఎంత అందంగా వచ్చిందో పొయ్యి, నా చేతులకు నేనే మొక్కాను. ఎండలో రాయిలా ఆరింది. రెండు రోజుల తర్వాత మబ్బు పట్టి సముద్రపు గాలి చెమ్మగా తిరిగింది. పొద్దున లేచి చూస్తే పొయ్యికి చెమటలు పట్టి, మట్టంతా అడుక్కు జారి ముద్దగా కూర్చుంది.

అప్పటిదాకా అత్త ఈ గొడవలో తలదూర్చలేదు. మొగుడిని కాదనదు, నన్ను వద్దనదు. ఆ పొద్దున వచ్చి ఆ ముద్దలో వేలు పెట్టి, వేలు నాలుకకు రాసుకుని ఉమ్మింది.

"ఉప్పు. ఏటి మన్ను ఉప్పుదే, గుంటా. టౌనుదానివి నీకేటి తెలుస్తాది. తియ్య మన్ను కావాల."

మర్నాడు చేపల గంప ఎత్తుకుని నన్ను వెంట రమ్మంది. అత్త రోజూ చేపలమ్మే ఊళ్ళు పల్లెకు పడమటగా ఉన్న రైతుల ఊళ్ళు. దారి పొడుగునా పొలం గట్ల దగ్గర ఆగుతుంది, చిటికెడు మట్టి నాలుక మీద వేసుకుంటుంది, ఉమ్మి నడుస్తుంది. ఒక ఊరు దాటాం, ఉప్పు తగులుతోందంది. రెండో ఊరు దాటాం, ఇసక ఎక్కువంది. గట్టు మీద రైతులు ఆగి చూస్తున్నారు. మూడో ఊళ్ళో ఒక రైతు వరిమడి గట్టు దగ్గర మట్టిని నోట్లోనే ఉంచుకుని కాసేపు నిలబడింది. ఇది అంది. ఆ రైతు భార్య అత్త దగ్గర ఏళ్ళుగా చేపలు కొంటున్న మనిషే. అమ్మగా మిగిలిన చేపలన్నీ అత్త ఆమె చేటలో పోసి, ఖాళీ గంప నిండా ఆ మట్టి ఎత్తుకుంది. నేను ఎత్తుతానంటే ఇవ్వలేదు. మూడు ఊళ్ళు దాటించి తనే నెత్తిన మోసుకొచ్చింది. దారిలో నేనడిగాను, నీకు గంగమ్మ భయం లేదా అని. ఉందంది. ఉంటే ఎందుకు మోస్తున్నావన్నాను. మాట్లాడకుండా నడువు అంది.

ఊకా, కొబ్బరి పీచూ కలిపి తొక్కి, అత్తే పట్టించింది ఈసారి. మూతి లోపలికి వంచింది, గిన్నె కరెక్టుగా మెడ దాకా దిగింది. గాలి కన్నానికి చిల్లపెంకు మూత. కింద ఇసక పోసిన చెక్కపెట్టె. నిప్పుకు కొబ్బరి చిప్పలు, సరుగుడు ముక్కలు. ఉయ్యాల మీద పెట్టి ఊపాం. నీళ్ళు తొణికాయి గానీ గిన్నె కదల్లేదు, నిప్పు ఆరలేదు, రవ్వ లేవలేదు. పొయ్యికి బారసాల అడిగిన ఆమె కూడా ఒక ముద్ద తిని చూసి, ఉప్పు చాల్లేదంది.

బావకు వంట నేర్పడం ఇంకో యుద్ధం. మగాడు పొయ్యి ముందు కూర్చుంటే పాక ముందు మళ్ళీ జనం. బావ తల వంచుకుని ఎసరు ఎంత, కన్నం ఎప్పుడు మూయాలి అని ఒక్కొక్కటే అడిగేవాడు. ఎసరు ఎప్పుడూ ఎక్కువే పోసేవాడు. నలుగురిలో సిగ్గుతో చెవులు కందిపోయేవి, అయినా లేచిపోలేదు.

మిగిలింది మావ. నేను ఎదురుగా పోయి నిలబడ్డాను. ఆయన నోట్లో అడ్డపొగ ఉంది.

"మావా, ఇన్నేళ్ళూ నోట్లో నిప్పెట్టుకునే నావెక్కినావు. ఆ నిప్పు గంగమ్మకి కనపడనేదేటి?"

ఆయన చుట్ట తీసి దానివైపు చూశాడు. అప్పటికే బావ బట్టలు మూటకట్టి మూలన పెట్టి ఉన్నాయి, మిల్లులో రమ్మన్న కబురు నాన్న దగ్గరినుంచి వచ్చి ఉంది. మావ ఆ మూట వైపు కూడా చూశాడు. ఒక్క వేటకు తీసుకుపోతానన్నాడు. ఆ మాట నాతో అనలేదు, అత్తతో అన్నాడు.

ఆ ఒక్క వేటలో చేప పడలేదు. మూడు రోజులు తిరిగి రెండు చిన్న సొరలతో వచ్చారు. బావ మాత్రం మూడు రోజులూ వేళకు తిన్నాడు, నొప్పి రాలేదు, ఒడ్డు దిగి నిటారుగా నడిచి వచ్చాడు. నేనది చూశాను. కలాసీలు చూసింది ఖాళీ నావను. నిప్పెక్కింది కాబట్టి చేప దిగిపోయిందన్నారు. వారం ముందు పొయ్యి లేని నావలు కూడా ఖాళీగా వచ్చాయని నేనన్నాను, ఎవరూ వినలేదు. పొయ్యి ఉంటే మేం ఎక్కమన్నారు ఇద్దరూ. వాళ్ళు లేకుండా నావ కదలదు.

మర్నాడు పొద్దున వేటకు సాగే వేళ. ఒడ్డున పల్లెలో సగం మంది ఉన్నారు. మావ నావలోకి ఎక్కి పొయ్యిని పెట్టెతో సహా ఎత్తాడు. బావ వెనక్కి తిరిగి ఇంటివైపు నాలుగడుగులు వేశాడు. మూట తెచ్చుకోవడానికని నాకు తెలుసు. నేను అరవడం మొదలుపెట్టాను. ఏమేం అన్నానో అన్నీ రాయలేను, మావను, కలాసీలను, గంగమ్మను కూడా వదల్లేదు. నా గొంతు ఎంత లేస్తే వాళ్ళ మొహాలు అంత బిగుసుకున్నాయి. అరుపుతో అయ్యే పని కాదని నాకూ తెలుస్తోంది గానీ ఆపుకోలేకపోయాను.

అత్త నా పక్కనుంచి నడిచి వెళ్ళింది. చీర కొంగు నడుముకు దోపుకుని నీళ్ళలోకి మోకాళ్ళ దాకా దిగింది. పెళ్ళయినప్పటినుంచీ రోజూ ఎదురొచ్చి చేపలు దింపుకున్న నావ, ఏనాడూ వేలు తగలనివ్వని నావ. దాని పక్కన రెండు చేతులూ ఆనించి నిలబడింది. నేను అరవడం ఆపేశాను.

"సెయ్యేసినాను. మైలైపోయింది. పొయ్యి దింపితే ఈ మైల నావ కూడా ఇడిసీ, నీకెందుకు," అంది మావతో. "నా కొడుకు నెత్తురు కక్కినప్పుడు మీ ఎవులికీ మైల నేదు. నాను సెయ్యేస్తే వచ్చీసింది."

గొంతు ఎత్తలేదు. చేపల బేరం చేసేటప్పటి గొంతే. కలాసీలలో ఒకడు వెనక్కి తగ్గాడు. నేను వెళ్ళి ఆమె పక్కన నిలబడి నా చేతులు కూడా ఆనించాను. కర్ర చల్లగా, తడిగా ఉంది. నేను మనసులో జానలతో కొలుచుకున్న నావను చేత్తో తాకడం అదే మొదలు. చివరిసారి కూడా అదే.

మావ పొయ్యిని ఎత్తి పట్టుకుని అలాగే ఉన్నాడు. అత్త ముఖంలోకి చూశాడు, ఒడ్డున సగం దూరంలో ఆగిపోయిన కొడుకు వైపు చూశాడు. తర్వాత వంగి పెట్టెను మళ్ళీ అమరంలోనే, తను కాళ్ళు చాపుకునే చోటనే దింపాడు.

"పొయ్యి తడిసిపోద్ది. గోనె కప్పండి," అన్నాడు.

కలాసీలు సణిగారు. ఇష్టమైతే ఎక్కండి లేకపోతే లేదన్నాడు వాళ్ళతో. ఆ రోజు నావ కదల్లేదు. మైల కడగాలి కదా. పసుపునీళ్ళు కలిపి ఇచ్చింది అత్తే. కోడిని పట్టి ఇచ్చిందీ అత్తే. నావనంతా కడిగారు, పొయ్యి జోలికి మాత్రం ఎవరూ పోలేదు. మర్నాడు కలాసీలు ఇద్దరూ వచ్చారు, ఎవరూ పిలవలేదు.

ఆ పొద్దున సాగిన నావ దూరం పోలేదు. గాలి పడిపోయి తెరచాప వేలాడిపోయింది, నావ కనుచూపు మేరలోనే నిలిచిపోయింది. చేపలు ఎండబెడుతూ మేం మాటిమాటికీ అటే చూస్తున్నాం. సూర్యుడు నడినెత్తికి వచ్చేసరికి నావ వెనక భాగం నుంచి సన్నగా, నిలువుగా పొగ లేచింది. ఒడ్డున ఆడవాళ్ళంతా పని ఆపి నిలబడ్డారు. ఇంతకుముందు నావ సాగిపోతే తిరిగి వచ్చేదాకా వాళ్ళు తిన్నారో లేదో మాకెవరికీ తెలిసేది కాదు. నేను ఏడ్చాను. ఎవరు చూస్తే నాకేమిటని గట్టిగానే ఏడ్చాను.

అత్త చెయ్యి నుదుటికి అడ్డం పెట్టుకుని చూస్తూనే ఉంది. పొగ ఎంతకీ ఆగలేదు. ఎసరు ఎక్కువ పోసేశాడు వెధవ అని గొణిగింది. పోస్తే పోశాడు, జావగా తాగుతాడులే అన్నాను. నువ్వు నేర్పిన వంట అలాగే ఉంటుందని నన్ను తిట్టింది. ఎండ మాడుస్తోంది, ఇసకకు కాళ్ళు కాలుతున్నాయి, మేమిద్దరం కదల్లేదు. చివరికి పొగ పల్చబడి, తెగి, పూర్తిగా ఆగిపోయింది. అత్త చెయ్యి దించింది.

"ఇప్పుడు తింతన్నాడు," అంది.